'మీ నాన్నకు పంపిస్తా'

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు వాట్సాప్ స్టేటస్‌లు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అమ్మాయి మార్కుల మెమో, పక్కనే యూనిఫాంలో ఫొటో, కింద చప్పట్ల బొమ్మలు. ఆ మెమోలో పేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీ, బడి పేరు అన్నీ ఉంటాయి. సాయంత్రానికి కడప ఏడు రోడ్ల కూడలిలో కాలేజీ ఫ్లెక్సీ లేస్తుంది, మర్నాడు మా పత్రికతో సహా అన్నిట్లోనూ ఫొటో వస్తుంది. పిల్లలు సోషల్ మీడియాలో అన్నీ పెట్టేస్తున్నారని పెద్దవాళ్లం తలలు పట్టుకుంటున్నాం గానీ, ఫేక్ అకౌంటుకు కావలసిన సరుకంతా ముందు మనమే అందిస్తున్నాం.

ఆ సరుకుతో పని ఎలా నడుస్తుందో చూడండి. ప్రొద్దుటూరులో ఇంటర్ చదివే అమ్మాయి అనుకుందాం. ఆమె డీపీయే, ఆమె పేరే, చివర ఒక్క అండర్‌స్కోర్ ఎక్కువ. "పాత అకౌంట్ ఓపెన్ కావట్లేదే, ఇది కొత్తది" అని క్లాస్‌మేట్లకు రిక్వెస్టులు పోతాయి. ఇద్దరు ఒప్పుకుంటే చాలు, మూడో అమ్మాయికి 'మ్యూచువల్స్', అంటే ఇద్దరికీ తెలిసిన స్నేహితులు కనబడతారు, ఇక అనుమానమే రాదు. వారం తిరిగేసరికి అసలు అమ్మాయికే మెసేజ్: నీ ఫొటోలు నా దగ్గరున్నాయి, వీడియో కాల్ చెయ్, లేదంటే మార్ఫింగ్ చేసి మీ నాన్నకు పంపిస్తా.

ఆ చివరి మాట చూశారా? మన ఇళ్ల సంగతి వాడికి బాగా తెలుసు. విషయం బయటపడితే ముందు ఫోన్ పోతుంది, తర్వాత కాలేజీ పోతుంది, ఆపైన ఇంట్లో సంబంధాల మాటలు మొదలవుతాయి. తప్పు చేసినవాడు ఎక్కడో కూర్చుని ఉంటాడు, శిక్ష మాత్రం పిల్లకు పడుతుంది. ఆ భయమే వాడి పెట్టుబడి. అబ్బాయిలేమీ మినహాయింపు కాదు. అమ్మాయి పేరుతో వచ్చిన రిక్వెస్టుకు చిక్కినవాడు సిగ్గుతో ఇంకా తక్కువ చెబుతాడు. అందుకే 'ఫోన్ లాక్కోండి' అనే సలహాను మేము ఒప్పుకోలేం.

పైగా మన దగ్గర అది జరిగే పని కాదు. కడప, రాయచోటి, బద్వేలు వైపు ఎన్నో ఇళ్లలో అమ్మ కువైట్‌లో ఉంటుంది. ఆమె పని ముగించుకుని ఐఎంఓ యాప్‌లో చేసే వీడియో కాల్ కోసం నిద్ర ఆపుకుని కూర్చునే పిల్లకు ఆ ఫోనే అమ్మ. దాన్ని లాక్కోమని ఇంట్లో ఉన్న జేజికి (నానమ్మకు) ఎవరు చెబుతారు?

చట్టాలకు కొరత లేదు. ఇంకొకరి పేరుతో మోసం చేస్తే ఐటీ చట్టం 66-డి కింద 3 ఏళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. పిల్లల అశ్లీల చిత్రాలైతే అదే చట్టంలోని 67-బి, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ఉన్నాయి. మార్ఫింగ్ ఫొటోలు, నకిలీ అకౌంట్ల మీద బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో చర్య తీసుకోవాలని 2021 నాటి నిబంధనలే కంపెనీలకు చెప్పాయి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా కేసు పెట్టొచ్చని 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం చెబుతోంది. అయినా స్టేషన్ మెట్లెక్కిన తండ్రికి దొరికే సలహా ఏమిటి? "పాపను అకౌంట్ డిలీట్ చేసేయమనండి, అయిపోతుంది." డిలీట్ చేస్తే చాట్ పోతుంది, సాక్ష్యం పోతుంది. వాడి అకౌంట్ మాత్రం అలాగే ఉంటుంది. చేయాల్సింది స్క్రీన్‌షాట్లు తీసి, ఆ ప్రొఫైల్ లింకు దాచి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి గానీ పిల్లల కోసమే ఉన్న 1098కి గానీ ఫోన్ చేయడం. డబ్బు మాత్రం పంపకూడదు. ఒకసారి పంపితే మళ్లీ అడుగుతాడు.

కంపెనీలూ ఏదో చేశామంటున్నాయి. ఇన్‌స్టాగ్రామ్ 2025లో మన దేశంలో తెచ్చిన టీన్ అకౌంట్లు మొదటి నుంచే ప్రైవేట్‌గా ఉంటాయి, 16 ఏళ్లు నిండనివాళ్లు అది మార్చుకోవాలంటే పెద్దల అనుమతి కావాలి. బాగానే ఉంది. 2011లో పుట్టిన పిల్లాడు 2001 అని కొడితే?

2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ బడుల్లో మొదలైన మెగా తల్లిదండ్రుల సమావేశాల్లో మార్కుల గురించి ఎలాగూ మాట్లాడతారు. అందులో ఒక అరగంట దీనికి ఇవ్వాలి. ఉపన్యాసం వద్దు. టీచరే ఫోన్ చేత పట్టుకుని అకౌంట్‌ను ప్రైవేట్ చేయడం, ఫేక్ అకౌంట్ మీద రిపోర్ట్ కొట్టడం చూపించాలి. అమ్మ కువైట్‌లో ఉంటే ఆ రోజు బడికి వచ్చేది జేజి. ఆమెకు సెట్టింగులు అర్థం కాకపోవచ్చు. "ఏం జరిగినా నిన్ను బడి మాన్పించను, నాకు చెప్పు" అని మనవరాలితో అనమని ఆమెకు చెప్పి పంపాలి.