పాసియోలి జంటపద్దును కనిపెట్టలేదు

కర్నూలు, ఆదోని కామర్స్ విద్యార్థుల ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది: "ఇటలీ వ్యాపారి లూకా పాసియోలి 1494లో జంటపద్దు విధానాన్ని కనిపెట్టాడు. ఆస్తి అప్పుల పట్టీ కూడా ఆయన సృష్టే. అంతకుముందు వర్తకులవన్నీ నోటి లెక్కలే." జంటపద్దు (డబుల్ ఎంట్రీ) అంటే ప్రతి లావాదేవీనీ ఒక ఖాతాలో డెబిట్‌గా, మరో ఖాతాలో క్రెడిట్‌గా రాయడం. ఆస్తి అప్పుల పట్టీ (బ్యాలెన్స్ షీట్) అంటే ఒక తేదీన వ్యాపారానికి ఉన్న ఆస్తులు, అప్పులు చూపే పట్టిక. ఆ సందేశంలో పేరు, దేశం, సంవత్సరం తప్ప మిగతాదంతా తప్పు. పిల్లలు దీన్నే పరీక్షల కోసం బట్టీ పడుతున్నారని తెలిసి ఊరుకోలేకపోతున్నాను.

కనిపెట్టాడనడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. నేటి ఫ్రాన్స్‌లోని సలోన్‌లో శాఖ నడిపిన ఫ్లోరెన్స్ వర్తకుడు ఫరోల్ఫీ ఆవర్జా (ఖాతాలవారీగా పద్దులు రాసే పుస్తకం, లెడ్జర్) 1299-1300 నాటిది. ప్రతి పద్దుకూ ఎదురు పద్దు అందులో అప్పటికే ఉంది. జెనోవా నగర పాలకుల 1340 నాటి ఖాతాలూ అదే పద్ధతిలో సాగాయి. వర్తకుడు బెనెడెట్టో కొత్రుల్యీ 1458లోనే దీని గురించి రాశాడు, కానీ ఆ రచన 1573 దాకా అచ్చు కాలేదు. పాసియోలి కూడా తాను వివరిస్తున్నది వెనీస్ వర్తకుల పద్ధతి అని సూటిగా చెప్పాడు. ఆయనే కోరని కీర్తిని ఆయనకు అంటగట్టడం అన్యాయం. పేరు కూడా మిగలని గుమాస్తాల కష్టం దానివల్ల మరుగున పడుతోంది.

నోటి లెక్కల మాటకూ ఈ ఆవర్జాలే జవాబు.

పాసియోలి వ్యాపారి కాడు. ఫ్రాన్సిస్కన్ సన్యాసి, గణిత బోధకుడు. యువకుడిగా వెనీస్‌లో రొంపియాసి అనే వర్తకుడి కొడుకులకు చదువు చెబుతూ వ్యాపారాన్ని దగ్గరగా చూశాడు.

మరి ఆయన గొప్పతనం ఏమిటి? 1494లో వెనీస్‌లో అచ్చయిన తన భారీ గణిత గ్రంథంలో 36 అధ్యాయాలు లెక్కల పుస్తకాలకే కేటాయించాడు. అదీ పండితుల లాటిన్‌లో కాదు, జనం మాట్లాడే ఇటాలియన్‌లో. అందులో చెప్పిన ప్రకారం ముందు ఆస్తుల జాబితా రాయాలి. జరిగిన ప్రతి లావాదేవీ చిత్తు పుస్తకంలోకి, అక్కడి నుంచి చిట్టాలోకి (తేదీల వరుసలో రాసే జర్నల్), ఆపైన ఆవర్జాలోకి ఎక్కాలి. ఆదోని పత్తి మండీలో పద్దులు రాసినవారికి ఈ వరుస కొత్తగా అనిపించదు. తండ్రి కొడుకుకూ, యజమాని గుమాస్తాకూ మాత్రమే నేర్పే విద్య చదవగలిగిన ఎవరికైనా అందింది. 1543 నాటికి ఆంట్వెర్ప్‌లో, లండన్‌లో ఆ గ్రంథం ఆధారంగా పుస్తకాలు వెలువడ్డాయి.

ఇక ఆస్తి అప్పుల పట్టీ. ఆవర్జాలో డెబిట్ల మొత్తం, క్రెడిట్ల మొత్తం సరిపోవాలని పాసియోలి నేర్పాడు. అది మన అంకణాకు (ట్రయల్ బ్యాలెన్స్) దగ్గరిది. ఆస్తి అప్పుల పట్టీ తయారీ మాత్రం ఆ 36 అధ్యాయాల్లో ఎక్కడా లేదు.