పక్కనే మటన్, నీలో మాత్రం గుడ్డు లేదు!

మహారాజశ్రీ కేరమెల్ కస్టర్డ్ గారి దివ్యసముఖానికి,

విజయనగరం నుంచి మీ చిరకాల అభిమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. మేమిక్కడ బాగానే ఉన్నాం, మీరే బాగాలేరు. నిన్న రాత్రి రింగ్ రోడ్డులోని ఒక ఫంక్షన్ హాల్లో పాలూ గుడ్లతో పుట్టిన మీ పేరు పెట్టుకుని ఏదో తిరుగుతోంది. తిన్నవాణ్ణి నేనే కాబట్టి సాక్ష్యం కూడా నాదే.

మెనూ బోర్డు మీద మీ పేరు చూశాక నేనింక పెళ్ళివారి మనిషిని కాను. బిర్యానీ వద్దన్నాను. చేపల వేపుడు ఒక్క ముక్కతో ఆపేశాను. బొబ్బిలి నుంచి వచ్చిన బావగారు "ఏటి బావా, ఒంట్లో బాగోలేదేటి?" అంటే నవ్వి ఊరుకున్నాను. మీకోసం కడుపులో చోటు అట్టేపెట్టి, లైన్లో నిలబడి, ప్లాస్టిక్ కప్పు అందుకుంటే చెంచా దిగలేదు. నొక్కితే ముక్క తెగి పక్కాయన చొక్కా మీదకి ఎగరబోయింది. పసుపు రంగు కలిపిన చైనా గ్రాస్ జెల్లీ, పైన ఎవరో ధారగా పోసిన పాకం, నెత్తిన ఎర్ర టూటీ ఫ్రూటీ. (టూటీ ఫ్రూటీకి వేరే ఉత్తరం రాస్తాను.)

"ఇందులో గుడ్డు లేదా బాబూ?" అని వడ్డించే కుర్రాణ్ణి అడిగాను.

"స్వీట్లో గుడ్డేటండీ! ప్యూర్ వెజ్. అందరూ తినొచ్చు" అన్నాడు, నాకేదో ఉపకారం చేసినట్టు.

అయ్యా, ఆ కౌంటరుకి ఒక పక్క మటన్, ఇంకో పక్క రొయ్యల ఇగురు. బిర్యానీ మీద నిలువునా చీల్చిన గుడ్లు వరసగా పేర్చి ఉన్నాయి. ఊరందరి మడీ ఆచారమూ వచ్చి మీ గిన్నె దగ్గరే ఆగింది. కోడికి పిలుపుంది, దాని గుడ్డుకి మీ దగ్గరకి ప్రవేశం లేదు!

శనివారాలు చేసేవాళ్ళున్నారు, అసలు ముట్టనివాళ్ళున్నారు. కాదనను. వాళ్ళకి సేమ్యా పాయసం పెట్టండి, జున్ను పెట్టండి. ఆ చైనా గ్రాస్‌నే దాని సొంత పేరుతో పెట్టండి, సముద్రపు నాచుతో చేసినదైనా దాని మర్యాద దానికుంది. బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన భార్యకి గుడ్డు పడక, 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పౌడర్ కనిపెట్టాడు. ఇల్లాలి మీద ప్రేమతో చేశాడు, బాగుంది. ఆ పొడి కలిపిన పాలల్లో అరటిపండు, దానిమ్మ గింజలు వేసి ఫ్రూట్ సలాడ్ అంటే మనమంతా తినలేదా? ఎవరం గొడవ పెట్టాం?

నన్నడిగితే ఇందులో ఆచారం ఏమీ లేదు. చైనా గ్రాస్ ఒకసారి గట్టిపడిందంటే ఎనభై డిగ్రీలు దాటితే గానీ కరగదు. మే నెల ఉక్కలో బల్ల మీద గంటలకొద్దీ పెట్టినా చలించదు. మీకైతే ఫ్రిజ్ కావాలి, చేసేవాడికి ఓపిక కావాలి. రెండూ ఖర్చే. ఆ ఖర్చు ఎగ్గొట్టి దానికి "ప్యూర్" అని పేరు!

హోటళ్ళ సంగతి ఎత్తను. మెనూ కార్డులో చివర మీ పేరుంటుంది, అడిగితే "అయిపోయింది సార్". కార్డు అచ్చు వేయించిన రోజు నుంచీ అయిపోయే ఉంది. ఇక ఓవెన్లో కప్పు పెట్టి ఐదు నిమిషాల్లో మిమ్మల్ని చేసేస్తామనే వీడియోల వాళ్ళని ఆ దేవుడే చూసుకోవాలి.

మా అమ్మ నిన్ను స్టీలు టిఫిన్ డబ్బాలో చేసేది. అడుగున పంచదార కరిగించి, ఇటుక రంగు రాగానే పటకారుతో దించేసేది. ఇంకొక్క క్షణం ఉంచితే చేదే. అర లీటరు పాలకి మూడు గుడ్లు, నురగ రాకుండా కలిపి వడగట్టి, ఇడ్లీ పాత్రలో నీళ్ళు పోసి సన్న సెగ మీద పెట్టేది. నీళ్ళు తెర్లితే నీ ఒళ్ళంతా తేనెపట్టులా చిల్లులు పడతాయని అక్కడి నుంచి కదిలేది కాదు. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే ఆ గట్టి పంచదార నీ చెమ్మకే కరిగి పాకమయ్యేది. పైనుంచి ఎవడూ పొయ్యక్కర్లేదు! పొద్దున్నే పళ్ళెం మూసి బోర్లిస్తే ఒక్కసారి వణికి నిలబడేదానివి. ఆ చిరుచేదు నాలిక్కి తగిలాక మాకు గులాబ్ జామూన్ ఏం ఆనుతుంది?

అలాంటి నిన్ను ప్లాస్టిక్ కప్పులో పెట్టారు. అందులో నిన్ను తిరగేసేదెట్లా? తిరగెయ్యని కేరమెల్ కస్టర్డ్ ఏమిటసలు, సిగ్గులేకపోతే!

ఎల్లుండి గజపతినగరంలో ఇంకో రిసెప్షన్ ఉంది. కేటరింగ్ నిన్నటి వాళ్ళదే. వెళ్తాను. ఆ గిన్నె పక్కన నిలబడి, కప్పు తీసుకున్న ప్రతివాడికీ "బాబూ, ఇది అది కాదు" అని చెప్తాను. మా ఆవిడ నాతో రానని ఇప్పుడే చెప్పేసింది.

ఇట్లు,
నీవాడు,
గంటస్తంభం దగ్గర, విజయనగరం.