30 ఆంపియర్ల వానప్రస్థం

వానప్రస్థాశ్రమం అంతరించిపోయిందని పెద్దలు బాధపడుతుంటారు. వారు అమెరికాలోని స్టేట్ పార్కులు చూసి ఉండరు. యాభై దాటిన గృహస్థు ఇల్లూ వాకిలీ విడిచి అడవి బాట పట్టడం ఇక్కడ నిక్షేపంగా సాగుతోంది. కాకపోతే వాకిలి ఒక్కటే విడుస్తాడు. ఇల్లు వెంట లాక్కుపోతాడు.

నేనూ లాక్కుపోయాను. 16 అడుగుల ట్రైలరు; అందులో మంచం, పొయ్యి, ఫ్రిజ్, ఏసీ, మరుగుదొడ్డి. దాన్ని ట్రక్కుకు తగిలించి, బుజ్జి అనే మా కుక్కను, మా ఆవిడను, నన్ను (ఇంట్లో పరపతి ప్రకారమే ఈ వరుస) ఎక్కించుకొని డాలస్ నుంచి ఇంక్స్ లేక్ స్టేట్ పార్కుకు బయలుదేరాను. టెక్సాస్ స్టేట్ పార్కుల్లో మకాం వేసే చోటుకు ఐదు నెలల ముందు నుంచే బుకింగు. పూర్వులు విరక్తి కలిగిన రోజునే అడవికి పోయేవారు. మనం ఏ శనివారం విరక్తి కలగనుందో ముందే తేల్చుకొని కార్డు నంబరు ఇవ్వాలి.

బయలుదేరే ముందు శాస్త్రం చూడాలి. ట్రైలరు బరువులో 10 నుంచి 15 శాతం ముందున్న కొక్కెం మీద పడాలి. తగ్గితే వెనకభాగం పాములా ఊగుతుంది. అందుకని బియ్యం బస్తాను, ఆవకాయ జాడీని వెనక అలమర నుంచి ముందుకు మార్పించాను. ఆవకాయకు భౌతికశాస్త్రంలో ఇంత పాత్ర ఉందని ఇన్నాళ్ళూ తెలియదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవారికి ట్రైలరు లేదు. ఉంటే వెనక్కి నడిపి చూడు అని కూడా అనేవారు. ట్రైలరు కుడికి పోవాలంటే స్టీరింగు ఎడమకు తిప్పాలి. ఆ పైన బుజ్జి సమస్య. పార్కులో కుక్కను ఒంటరిగా వదలకూడదు, పట్టీ 6 అడుగులు మించకూడదు. ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా నడిచిన కుక్కకు పట్టీ ఉన్నట్లు వినలేదు, కానీ అక్కడ ట్రైలరు నిలిపే పని కూడా లేదు. ఇక్కడ మా ఆవిడ ఒక చేత్తో పట్టీ పట్టుకొని, రెండో చేత్తో నాకు సైగలు చేస్తోంది. చెయ్యి గట్టిగా ఎడమకు ఊగింది. తిప్పాను. అది నాకు చేసిన సైగ కాదు; బుజ్జికి ఉడుత కనిపించింది.

"ఎడమకన్నావు కదా!"

"ఎవరి ఎడమండీ? ట్రైలరు ఎడమ!"

చుట్టుపక్కల వానప్రస్థులు మడత కుర్చీలు ఇటు తిప్పుకున్నారు. సాయంత్రం పూట పార్కులో ఇంతకు మించిన వినోదం ఉండదు. చివరికి పక్క స్థలం పెద్దాయన వచ్చి, చెయ్యి స్టీరింగు అడుగున పెట్టి, ట్రైలరు ఎటు పోవాలో చేతిని అటు జరపమన్నారు. రెండు నిమిషాల్లో పని అయింది. అప్పటికి మేము వచ్చి ముప్పావు గంట. ఆ పార్కులోని గులాబీ రంగు నైస్ (gneiss అనే రకం రాయి) బండల వయసు నూరు కోట్ల ఏళ్ళకు పైనే. వాటికి ముప్పావు గంట ఒక లెక్క కాదు. మా ఆవిడకు లెక్కే.

ఆ తరువాత ప్రకృతితో మమేకం కావడానికి ట్రైలరు తీగను పార్కు వారి కరెంటు ప్లగ్గులో గుచ్చాను. అది ఇచ్చేది 30 ఆంపియర్ల వరకే. ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ పొయ్యి మీద సాంబారు పెట్టి, అన్నం వేడి చేద్దామని మైక్రోవేవ్ నొక్కగానే అడవి మొత్తం చీకటి. అంటే మా అడవి. సాంబారా, చల్లగాలా అన్న ఇలాంటి ధర్మసంకటం మునులకు ఎదురైనట్లు లేదు. సరస్సు అందంగానే ఉంది. అదీ 1938లో టెక్సాస్ కొలరాడో నదికి ఆనకట్ట కడితే వచ్చినదే కాబట్టి, నా కనెక్షనును అది తప్పుపట్టలేదు.

ఆదివారం పొద్దున అసలు క్రతువు. మా ఊళ్ళో పెరటి చివరి మరుగుదొడ్డిని ఇంట్లోకి తెచ్చుకోవడానికి మా నాన్నగారు అప్పు చేశారు. కొడుకు దాన్ని గంటకు 60 మైళ్ళ వేగంతో ఊరేగిస్తున్నాడు. వంశాభివృద్ధి అంటే ఇదే. పార్కు దారిలో ట్యాంకులు ఖాళీ చేసే చోట ఏడు ఇళ్ళు వరుసలో నిలబడ్డాయి. యజమానులందరి చేతులకూ రబ్బరు తొడుగులు, ముఖాల్లో గాంభీర్యం. మరుగుదొడ్డి ట్యాంకు ముందు వదలాలి, స్నానపు నీళ్ళ ట్యాంకు తరువాత. ఆ సబ్బునీళ్ళే గొట్టాన్ని కడిగిపెడతాయి. వరుస తప్పితే ఫలితం అనుభవించేది కర్తే.

నేను ఊపిరి బిగబట్టి మొదటి మీట లాగాను. ట్రక్కు కిటికీలోంచి బుజ్జి తల బయటపెట్టి, కళ్ళు సగం మూసి, ముక్కుపుటాలు ఎగరేస్తూ ఆ గాలిని తనివితీరా పీల్చింది. సరస్సు దగ్గర కూడా దాని ముఖంలో అంత ప్రశాంతత చూడలేదు.