సలహా ఆపడానికీ ట్రైనింగ్ కావాలి

బీపీ 160/100 ఉంది. ఎదురుగా కూర్చున్న మనిషి బస్సు డ్రైవరు. "మందులు రోజూ వేసుకుంటున్నారా?" అని నర్సు అడుగుతుంది. "వేసుకుంటున్నానండీ" అంటాడు. అలా అడిగితే ఎవరైనా చెప్పే జవాబు అదే. ఉప్పు తగ్గించమని, రోజూ నడవమని, టెన్షన్ పడొద్దని చెప్పి, కేసు షీటులో 'సలహాలు ఇచ్చాం' అన్నచోట టిక్కు పెట్టి పంపేస్తుంది. నెల తిరిగి వస్తే మళ్లీ అదే బీపీ.

అదే నర్సు ప్రశ్నను కాస్త తిప్పి, "వారంలో ఏయే రోజుల్లో మాత్ర వేసుకోవడం కుదరడం లేదు?" అని అడిగిందనుకోండి. మనిషి కాసేపు ఆగుతాడు. "డ్యూటీ ఉన్న రోజుల్లో సిస్టర్" అంటాడు. అది ఒంట్లో నీరు లాగేసే మాత్ర. పొద్దున్నే వేసుకుని స్టీరింగు పట్టుకుంటే కాసేపటికే బస్సు ఆపాలి. ఆపడానికి చోటుండదు, ప్యాసింజర్లు ఊరుకోరు. అందుకే సెలవు రోజున తప్ప దాని జోలికి పోవడం లేదు. మాత్ర ఎందుకు వేసుకోవాలో అతనికి తెలుసు, బీపీ అంటే భయమూ ఉంది. మాత్ర వేళ మార్చాలా, మందే మార్చాలా అన్నది డాక్టరు తేల్చాలి. కానీ ఆ సంగతి డాక్టరు చెవిన పడాలంటే ముందు ఎవరో ఒకరు అడిగి, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టాలి.

ఈ డ్రైవరు నా ఊహే. సమస్య మాత్రం ఊహ కాదు. సంపన్న దేశాల్లో కూడా దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లు రాసిచ్చిన మందులు సరిగ్గా వాడటం సగటున 50 శాతం దగ్గరే ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే తేల్చింది. మిగతావాళ్లందరికీ ఎవరూ ఏమీ చెప్పలేదని అనుకోలేం. సలహాలు గుప్పించకుండా, అడిగి, విని, మారే దారి రోగే వెతుక్కునేలా తోడుండటాన్ని హెల్త్ కోచింగ్ అంటారు. దానికి పని దొరుకుతున్నది ఇలాంటి చోటే. ఆ కోచింగ్‌ను నర్సులు తమ వృత్తిలో భాగం చేసుకోవడం నాకు సబబుగానే తోస్తుంది. కాకపోతే, మాట్లాడటం అందరికీ వచ్చు కదా, రెండు రోజుల వర్క్‌షాపు పెట్టి సర్టిఫికెట్ ఇస్తే సరిపోతుంది అనుకుంటే నర్సు బ్యాడ్జీ మీద పేరు మారుతుందే తప్ప ఆ గదిలో జరిగే మాటలు మారవు.

నర్సింగ్‌కు ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో నర్సింగ్ మీద రాసిన చిన్న పుస్తకంలో గాలి, వెలుతురు, శుభ్రతతో పాటు రోగికి ఉచిత సలహాలు, ఉత్తుత్తి ధైర్యాలు చెప్పేవాళ్ల మీద ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. మంచం మీదున్న మనిషిని వదలకుండా హితబోధ చేసేవాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట. ఆ అధ్యాయం ఇప్పటి నర్సింగ్ కాలేజీల్లో ఎంతమంది చదువుతున్నారో గానీ, కోచింగ్ పాఠాలకు అంతకంటే మంచి మొదలు ఉండదు.

కోచింగ్‌కు దగ్గరి చుట్టం హోలిస్టిక్ నర్సింగ్, అంటే జబ్బుతో పాటు మొత్తం మనిషిని చూసే నర్సింగ్. దానికి ఒక సంఘమంటూ ఏర్పడింది అమెరికాలో. 1981లో షార్లెట్ మెక్‌గైర్ అక్కడి హోలిస్టిక్ నర్సుల సంఘాన్ని మొదలుపెట్టారు. జబ్బు పడిన అవయవాన్నే కాకుండా మనిషి మనసు, కుటుంబం, పని, నమ్మకాలు అన్నిటినీ కలిపి చూడాలన్నది వారి మాట. వినడానికి బాగుంటుంది. కానీ బాగున్న మాటతోనే వృత్తి ఏర్పడదు. అమెరికన్ నర్సుల సంఘం దీన్ని ప్రత్యేక విభాగంగా గుర్తించడానికి 2006 దాకా పట్టింది, అంటే పాతికేళ్లు. ఈలోగా పరీక్షలు, సర్టిఫికేషన్ వచ్చాయి. ఈ నర్సు ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు, ఆ పనిని దేంతో కొలవాలి అన్న ప్రమాణాలు గుర్తింపు వచ్చిన మరుసటి ఏడాది పుస్తకంగా వెలువడ్డాయి. హోలిస్టిక్ అన్న మాట సబ్బు పెట్టె మీద కూడా కనిపిస్తున్న రోజుల్లో ఈ విభాగం పరువు నిలబెట్టేది ఆ ప్రమాణాలేనని నా అభిప్రాయం.

పరువు పోగొట్టే సరుకు కూడా ఇదే గూటిలో ఉంది. 1970ల్లో డొలొరెస్ క్రీగర్ అనే నర్సింగ్ ప్రొఫెసర్, డోరా కుంజ్‌తో కలిసి 'థెరప్యూటిక్ టచ్' అనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. పేరులో స్పర్శ ఉన్నా అసలు ముట్టుకోరు. ఒంటికి కాస్త ఎడంగా చేతులు తిప్పుతూ రోగి 'శక్తి క్షేత్రాన్ని' చేతులతోనే పసిగట్టి సరిచేస్తామంటారు. అమెరికాలో ఎమిలీ రోజా అనే తొమ్మిదేళ్ల పిల్ల బడి సైన్స్ ప్రాజెక్టు కోసం దీన్ని పరీక్షించింది. మధ్యలో అడ్డు పెట్టి, నా చెయ్యి మీ ఏ చేతి దగ్గర ఉందో చెప్పండి అని 21 మంది నిపుణులను అడిగింది. 280 సార్లలో 123 సార్లు సరిగ్గా చెప్పారు, అంటే 44 శాతం. నాణెం ఎగరేసినా అంతకంటే ఎక్కువే వచ్చేది! 1998లో ఆ ఫలితం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో అచ్చయింది. 'మొత్తం మనిషిని చూస్తాం' అని తలుపు బార్లా తీసినప్పుడు ఇలాంటివీ లోపలికి వస్తాయి. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవడం వేరు, శక్తి క్షేత్రం అంటూ నిరూపణ లేని మాట చెప్పడం వేరు. మొదటిదానికి సైన్స్ ముద్ర అక్కర్లేదు, రెండోదానికి ఆ ముద్ర దొరకలేదు.

కోచింగ్ నాకు ఎక్కువ నచ్చేది ఇందుకే. దాన్ని రికార్డు చేసి వినొచ్చు, తప్పెక్కడో పట్టుకోవచ్చు. దీనికి ప్రధానమైన పద్ధతి మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్. మద్యం అలవాటున్నవాళ్లతో పనిచేస్తూ విలియం మిల్లర్ అనే సైకాలజిస్టు 1983లో దాని గురించి తొలిసారి రాశారు, తర్వాత స్టీఫెన్ రోల్నిక్ తోడయ్యారు. మారాల్సిన కారణాలు మనం ఏకరువు పెడితే ఎదుటివాడు మారకపోవడానికి కారణాలు వెతుక్కుంటాడు. ఆ కారణాలు అతని నోటి నుంచే రావాలి. ఇంతే సూత్రం. చేయడం దగ్గరే అసలు చిక్కు. తప్పు కనిపిస్తే వెంటనే దిద్దాలన్న తొందర వైద్యరంగంలో ఉన్నవాళ్ల నరనరాన ఉంటుంది. మంచి నర్సుకైతే ఇంకా ఎక్కువ.

ఈ తొందర ఒక వర్క్‌షాపుతో పోదు. మిల్లర్ బృందం 2004లో వ్యసన చికిత్సలో ఉన్న 140 మంది నిపుణుల మీద జరిపిన ట్రయల్‌లో, వర్క్‌షాపు ఒక్కటే అయినవాళ్లు నేర్చుకున్నదాన్ని కొన్ని నెలల్లోనే చాలావరకు పోగొట్టుకున్నారు. వాళ్ల సెషన్ల టేపులు విని తప్పొప్పులు చెప్పడమో, ఫోన్లో కోచింగ్ ఇవ్వడమో కొనసాగించిన చోట నైపుణ్యం నిలిచింది. స్లైడ్లు చూసి ఈత నేర్చుకోలేం కదా.

సర్టిఫికేషన్ పెట్టినవాళ్లకు ఇది తెలుసు. అమెరికాలో హెల్త్ కోచ్‌ల జాతీయ బోర్డు పరీక్ష 2017లో మొదలైంది. అది రాయాలంటే గుర్తింపు పొందిన కోర్సుతో పాటు 50 సెషన్లు చేసి ఉండాలి. ఒక్కోటి కనీసం 20 నిమిషాలు ఉండాలి, అందులో 75 శాతం సమయం బోధన కాకుండా కోచింగే అయి ఉండాలి. ఈ షరతు నర్సులకు గట్టి పరీక్షే. అయితే అదే బోర్డుకు నర్సింగ్ లైసెన్సు అక్కర్లేదు. రెండేళ్ల కాలేజీ డిగ్రీ గానీ, ఏ రంగంలోనైనా 4,000 గంటల పని అనుభవం గానీ చాలు. నర్సు కోచ్‌ల సర్టిఫికేషన్ విడిగా ఉంది. అది రిజిస్టర్డ్ నర్సులకే.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, మన డ్రైవరు మాటల మధ్యలో "మొన్నటి నుంచి మెట్లెక్కితే ఆయాసం, రాత్రి వెల్లకిలా పడుకోలేకపోతున్నాను" అన్నప్పుడు. అక్కడ కోచింగ్ ఆగిపోవాలి. 'దాని గురించి మీకేమనిపిస్తోంది?' అని అడిగే సమయం కాదది. గుండె సరిగా పనిచేయడం లేదేమోనన్న అనుమానం రావాలి, పాదాల వాపు చూడాలి, వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఏ నిమిషంలో కోచ్ టోపీ తీసి నర్సు టోపీ పెట్టుకోవాలో తెలియడమే ఈ వృత్తిలో కష్టమైన భాగం. ఏ కోర్సులోనైనా సగం పాఠాలు దీని మీదే ఉండాలంటాను.

నాకు అనుమానం ఉన్నచోటు కూడా చెప్పాలి. హోలిస్టిక్ నర్సింగ్ మూల విలువల్లో నర్సు తన ఆరోగ్యం తాను చూసుకోవడం ఒకటి. మాట మంచిదే. కానీ ఇద్దరు చేయాల్సిన పనికి ఒక్కరిని పెట్టి, అలసిపోయిందంటే ధ్యానం క్లాసుకు పంపే యాజమాన్యాలకు అది భలే వీలైన మాట. డ్యూటీ చార్టు సరిచేయకుండా శ్వాస మీద ధ్యాస పెట్టమంటే ఎలా?

కోచింగ్‌కూ అడ్డొచ్చేది ఆ చార్టే. అమెరికాలో వైద్యానికి బిల్లు వేయాలంటే ఒక్కో పనికి ఒక్కో కోడ్ ఉంటుంది. 2020 జనవరి నుంచి హెల్త్ కోచింగ్‌కు విడిగా అలాంటి కోడ్లు వచ్చాయి. అవి తాత్కాలిక వర్గంవి. ఎంత వాడుతున్నారో లెక్క తేల్చడానికే తప్ప డబ్బు వస్తుందన్న హామీ వాటిలో లేదు. ఫాలో-అప్ సెషన్ కోడ్‌కు కనీసం 30 నిమిషాలు కూర్చోవాలి. బీపీ క్లినిక్ బయట క్యూ ఉంటే 30 నిమిషాలు ఎవరిస్తారు?

అంత సమయం దొరికేదాకా ఆగకుండా చేయగలిగిన చిన్న పని ఒకటుంది. కేసు షీటులో టిక్కు పెట్టే గడి తీసేసి, రోగి అన్న మాటను అన్నట్టుగా రాయడానికి రెండు గీతలు గీయడం. "డ్యూటీ రోజున బస్సు ఆపే చోటు లేదు, అందుకే వేసుకోను." వచ్చే నెల ఆ కుర్చీలో ఇంకో నర్సు ఉన్నా, ఉప్పు దగ్గర కాకుండా ఆ వాక్యం దగ్గర మొదలుపెడుతుంది.