వనం లేని వనభోజనాలు

గత కార్తీకమాసంలో లండన్‌లోని మన తెలుగు సంఘం జరిపిన వనభోజనాలకు హాలు కిక్కిరిసిపోయింది. పులిహోరకూ, గుత్తివంకాయకూ, చక్కెరపొంగలికీ ఏ లోటూ రాలేదు. వేదిక పక్కన కుండీలో నిలబెట్టిన ప్లాస్టిక్ ఉసిరికొమ్మ దగ్గర పిల్లలు వరసకట్టి ఫొటోలు దిగారు. లోటల్లా వనానిదే. దాదాపు వెయ్యేళ్ల కిందటే దస్తావేజులకెక్కిన అడవి ఒకటి కారులో పావుగంట దూరంలో ఉండగా, ట్యూబ్‌లైట్ల కింద కూర్చుని వనభోజనం చేసి వచ్చామని చెప్పుకోవడం నాకు ఎబ్బెట్టుగా తోచింది. ఈ ఏడు కూడా విస్తళ్లు హాల్లోనే వేసుకుందాం, కానీ వాటి ముందు కూర్చునే ముందు ఓ రెండు గంటలు రైస్లిప్ అడవుల్లో నడుద్దామన్నది నా ప్రతిపాదన.

లండన్ వాయవ్య కొసన, హిల్లింగ్‌డన్ కౌన్సిల్ సంరక్షణలో ఉన్న ఈ అడవులు నాలుగు: పార్క్ వుడ్, కాప్స్ వుడ్, మ్యాడ్ బెస్ వుడ్, బేహర్స్ట్ వుడ్. వాటి నడుమనున్న పచ్చిక బీళ్లతో కలిపి విస్తీర్ణం 700 ఎకరాలకు పైమాటే. 1997లో వీటిని జాతీయ ప్రకృతి రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఇంగ్లండులో పట్టణ ప్రాంతానికి ఆ హోదా దక్కడం అదే మొదలు. ఈ దేశపు లెక్కలో ప్రాచీన అడవి అంటే కనీసం 1600 నుంచి ఎడతెగకుండా చెట్లున్న నేల. అంతకు ముందు పనిగట్టుకుని అడవులు నాటే అలవాటు తక్కువ గనుక, అప్పటికే ఉన్న అడవి తనంతట తాను మొలిచినదే అయి ఉంటుందన్నది దాని వెనుక తర్కం. రైస్లిప్ ఆ గీతకు ఎంతో ముందుది. ఇంగ్లండు రాజు విలియం భూముల లెక్క కోసం 1086లో చేయించిన డూమ్స్‌డే సర్వేలో, ఈ ఊరి అడవి 1,500 పందులకు మేత పెట్టగలదనీ, అడవి జంతువుల కోసం ఒక ఆవరణ ఉందనీ రాశారు. రాజమహేంద్రవరంలో నన్నయ భారత రచనకు పూనుకుని అప్పటికి కొద్ది దశాబ్దాలే అయింది. 14వ శతాబ్దంలో లండన్ టవర్ పనులకూ, విండ్సర్ కోటకూ ఇక్కడి ఓక్ కలప వెళ్లింది.

ఇంత చరిత్ర ఉన్నా ఇది కీకారణ్యం కాదు. ఆ సంగతి నాకు మొదట చెప్పినవారు మా నాన్నగారు. ఆరు నెలల వీసా మీద వచ్చి, మేము ఆఫీసులకు వెళ్లాక కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని వీధిలో పోయే కార్లు లెక్కపెట్టుకునే రోజుల్లో, ఒక శనివారం ఆయనను పార్క్ వుడ్‌కు తీసుకెళ్లాను. దారి పక్కన ఒకే మొదలు నుంచి ఐదారు కాండాలు లేచి ఉన్న చెట్టును నిమిరి, "ఇది నరికి పెంచిన చెట్టురా, మన జామాయిల్ తోటల్లో మోడు చిగురిస్తుందే, అలాంటిదే" అన్నారు. అక్షరాలా నిజం. అది హార్న్‌బీమ్ అనే చెట్టు. శతాబ్దాల తరబడి దాన్ని నేలమట్టానికి కొట్టి, కొన్నేళ్లకు మళ్లీ ఎదిగిన పిలకలను వంటచెరకుకూ బొగ్గుకూ వాడుకునేవారు; గట్టి కలప కావడంతో ఎద్దుల కాడికీ, మరల పళ్లచక్రాలకూ కూడా అదే. ఓక్ చెట్లను మాత్రం దూలాల కోసం నిటారుగా పెరగనిచ్చేవారు. ఇప్పటికీ కొన్ని భాగాల్లో వంతులవారీగా నరుకుతారు, ఎందుకంటే నరికిన చోట నేలకు ఎండ తగిలి పూలమొక్కలూ సీతాకోకచిలుకలూ తిరిగి వస్తాయి. నరికిన మోళ్లను చూసి అడవిని పాడుచేస్తున్నారని కౌన్సిల్‌ను తిట్టుకునే మనవాళ్లు ఉన్నారు గనుక ఇంత వివరంగా రాస్తున్నాను.

నడకల మాటకొస్తే, మోకాళ్ల నొప్పులున్న పెద్దలకూ, తోపుడుబండిలో పసివాళ్లున్నవారికీ లిడో చెరువు చుట్టూ ఉన్న దారి చాలు. కాలువలో నీటిమట్టం నిలపడానికి ఒక కంపెనీ 1811లో తవ్వించిన జలాశయం అది, 1936లో విహారస్థలమైంది. ఒడ్డు వెంట కేవలం 12 అంగుళాల వెడల్పు పట్టాల మీద బొమ్మరైలు లాంటిది నడుస్తుంది, వేళలు చూసుకుని వెళితే ఒకవైపు నడిచి రెండోవైపు అందులో తిరిగి రావచ్చు. కాస్త ఓపిక ఉన్నవారు పార్క్ వుడ్‌లోకి మళ్లితే పెద్ద ఎత్తుపల్లాలు లేవు. చెరువు పక్కనున్న పూర్స్ ఫీల్డ్ అనే బీడును మాత్రం వదలకండి: 1804లో ఊరి ఉమ్మడి భూములకు కంచెలు పడినప్పుడు, పేద కుటుంబాల పశువుల మేతకని విడిచిపెట్టిన నేల అది. పశువుల బీడు విలువ తెలిసిన మన పెద్దవాళ్లకు ఆ కథ వేరే చెప్పనక్కర్లేదు. కుర్రకారు రోడ్డు దాటి మ్యాడ్ బెస్ వైపు వెళ్లవచ్చు; ఒక కావలివాడి భార్య దొంగ వేటగాళ్లను పట్టడానికి రాత్రిళ్లు అడవిలో తిరిగేదనీ, ఆమె పేరే దానికి మిగిలిందనీ అంటారు.

చలి, బురద అనే అభ్యంతరాలు ఎలాగూ వస్తాయి. చలికి నడకే మందు. బురద మాట నిజమే, అది బంకమట్టి నేల, నవంబరు వానలకు చెప్పులను లాగేసుకుంటుంది. పట్టుచీరలు కారులో ఉంచి, బూట్లు వేసుకుని వస్తే సరి. నాలుగున్నరకే చీకటి పడుతుంది గనుక పొద్దున్నే బయలుదేరాలి.

బురద కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మన గుంపు నడవడి. కార్తీకదీపాలను అరటిదొప్పల్లో ఈ చెరువులో వదలాలని ఎవరైనా అంటే కార్యవర్గం ముందే వద్దనాలి; ఎండుటాకుల అడవి అంచున నిప్పుకు చోటు లేదు, దీపాలు హాల్లోనే వెలిగిద్దాం. పుట్టగొడుగులు కనిపిస్తే చూసి వదిలేయాలి. ప్రాణాంతకమైన డెత్ క్యాప్ సరిగ్గా ఓక్, హార్న్‌బీమ్ చెట్ల కిందే మొలుస్తుంది, పైగా ఊళ్లో తిన్న వాటిని పోలి ఉంటుంది. వసంతంలో అడవి నేలంతా పరచుకునే బ్లూబెల్ అనే నీలిపూల మధ్య కూర్చుని చీరకొంగు పరిచి ఫొటోలు దిగే సరదా మనలో బాగా పెరిగింది. ఆ పూలకేమీ కాదనుకుంటాం, కానీ నలిగిన ఆకులు దుంపకు ఆహారం అందించలేవు, గింజ నుంచి మొలిచిన మొక్క పూతకు రావడానికి ఐదేళ్లయినా పడుతుంది. దారి దిగకుండా తీసినా ఫొటో బాగానే వస్తుంది. స్పీకర్లు కూడా హాలుకే పరిమితం చేస్తే వడ్రంగిపిట్ట చప్పుడు పిల్లలకు వినిపిస్తుంది.

కార్యవర్గం చేయవలసిన పని చిన్నది. హాలును ఉదయం పదకొండుకు కాక మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు తీసుకోవాలి, పదిన్నరకల్లా అందరూ లిడో గేటు దగ్గర కలవాలని ఆహ్వానపత్రంలో రాయాలి. వంట చల్లారిపోతుందని బెంగపడేవారికి ఒక్క మాట: పులిహోర చల్లారాకే రుచి.