మహారాజశ్రీ ‘తప్పక చదవండి’ గారికి

మహారాజశ్రీ ‘తప్పక చదవండి’ గారి సముఖమునకు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. మీకు ఏడాది పొడుగునా పనే అయినా, డిసెంబరు వచ్చేసరికి ఊపిరి సలపదని తెలుసు. హైదరాబాదు ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన డేరాలు విప్పీ విప్పకముందే జనవరిలో బెజవాడ పుస్తకాల పండగ మొదలు. ఈ రెంటి నడుమ ‘ఈ ఏడు నేను చదివిన 10 పుస్తకాలు’ అని ఇంటింటా ఒక పేరంటం. అన్నిచోట్లా పెళ్ళిపెద్ద మీరే. ఇంత తీరిక లేని వేళ విసిగిస్తున్నందుకు మన్నించాలి. మీ మాట నమ్మి సంచీ పట్టుకుని బయల్దేరి, ఖాళీ సంచీతో తిరిగొచ్చిన పాఠకుల తరఫున ఈ నాలుగు ముక్కలు.

పుస్తకాలు సిఫార్సు చేస్తూ సోషల్ మీడియాలో మీరు పెట్టే ఫోటోలంటే మాకు గౌరవమే. కిటికీ పక్క వెలుతురు, స్టీలు గ్లాసులో డికాక్షన్ కాఫీ, మడిచిపెట్టిన కళ్ళజోడు, కాస్త ఏటవాలుగా పుస్తకం. రచయిత పేరు మీద కళ్ళజోడు కాడ పడుతుంది. ప్రచురణకర్త గుర్తు అట్ట కింది మూలన ఉంటుంది కాబట్టి సరిగ్గా అక్కడే గ్లాసు. కింద మీ ముద్దుమాట: ‘మాటల్లేవు. తప్పక చదవండి.’ మూడొందల పేజీలు చదివిన మనిషికి ఒక్క మాట కూడా మిగల్లేదంటే ఆ రచయిత ఎంత పిసినారో అనుకుంటాం.

ఒకటే విన్నపం. అట్ట ఫోటో ఎలాగూ తీస్తారు. ఆ చేత్తోనే టైటిల్ పేజీ తిప్పి, దాని వెనక పేజీని కూడా ఒక్క ఫోటో తీయండి. అందంగా ఉండదు, ఒప్పుకుంటాం. చిన్న అక్షరాలు, అక్కడక్కడా అచ్చుతప్పులు. కానీ తెలుగు పుస్తకం జాతకమంతా అక్కడే ఉంది: తొలి ముద్రణ ఎప్పుడు, మీ చేతిలోది ఎన్నోది, ఎన్ని ప్రతులు వేశారు, వెల ఎంత, అనువాదమైతే మూలం పేరేమిటి. అన్నిటికన్నా కింద ‘ప్రతులకు’ అన్న మాట, దాని పక్కన రెండు చిరునామాలు, ఒక ఫోను నంబరు. చాలాసార్లు అది రచయిత నంబరే. సొంత డబ్బు పెట్టి అచ్చేయించి, కట్టలు మంచం కింద పెట్టుకున్న రచయితలు తెలుగులో తక్కువేం కాదు. ఆ మంచం కింది నుంచి పాఠకుడి చేతిలోకి పుస్తకం రావాలంటే ఉన్న దారి ఆ ఒక్క లైను. మీ ఇన్నేళ్ళ సేవలో దాన్ని మాత్రం మాకు ఎన్నడూ చూపించలేదు.

ఆ పేజీ చదవడం కూడా ఒక విద్యే. ‘ప్రతులు: 500, ప్రథమ ముద్రణ: 2009’ అని ఉండి, ఆ తర్వాత మరో ముద్రణ లేదనుకోండి. ఇక అది కొట్లో అడిగితే తీసిచ్చే సరుకు కాదు. ఆదివారం పూట అబిడ్స్ పేవ్‌మెంటు మీద గుట్టల్లో వంగి వెతకాలి, లేదా గ్రంథాలయం పట్టాలి. మీరు ముందే ‘ఇది పాత ముద్రణ, వెతుక్కోవాలి’ అంటే పాఠకుడు ఆ దారే పడతాడు. అనరు కాబట్టి మొదటివాడు ‘ఎక్కడ దొరుకుతుంది?’ అంటాడు, రెండోవాడు ‘నాకూ కావాలి’ అంటాడు, మూడోవాడు మాత్రం లోకజ్ఞానం కలవాడు, ‘పీడీఎఫ్ ఉందా?’ అంటాడు. అప్పటికి మీరు మరో పుస్తకంతో, మరో గ్లాసుతో, అదే కిటికీ దగ్గర ఉంటారు.

పీడీఎఫ్ మాట వచ్చింది కాబట్టి లెక్క చెప్పుకుందాం. మన చట్టంలో రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు కాపీరైటు. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలు ఎవరైనా పంచుకోవచ్చు. విశ్వనాథ సత్యనారాయణ 1976లో పోయారు, అంటే 2036 చివరిదాకా ఆగాలి. ఇక బతికున్న రచయిత 500 ప్రతులు వేసిన పుస్తకాన్ని ఒక మహానుభావుడు స్కాను చేసి వాట్సాప్ గుంపులో పెడితే? ఆ గుంపులో 1024 మంది పడతారు. రెండు ముద్రణలు చెల్లిపోయి ఇంకా 24 మంది మిగిలారు. రచయితకు దండం బొమ్మలు మాత్రం పూర్తిగా అందుతాయి.

‘కన్యాశుల్కం చదవండి’ అంటారు మీరు. సంతోషం. ఏ కన్యాశుల్కం? 1892లో మొదట ప్రదర్శించి 1897లో అచ్చేసిన నాటకం వేరు, గురజాడ బాగా పెంచి తిరగరాసి 1909లో వేసినది వేరు. జనం నోట నానేది రెండోది. మొదటిది చేతికొచ్చినవాడు ‘ఇంతేనా!’ అనుకుంటే తప్పు ఎవరిది? సిఫార్సులో ఒక్క సంవత్సరం చేరిస్తే పోయే గొడవ ఇది.

అనువాదాల దగ్గర మీ మౌనం ఇంకా ఖరీదైనది. అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి తెలుగులోకి తెచ్చిన ‘ఏడుతరాలు’ సంక్షిప్తం. చక్కటి తెలుగు, చదివిస్తుంది. అయితే అది సంక్షిప్తమని చెప్పడం సిఫార్సు చేసేవారి పని. ఇంగ్లీషు చదవగలిగినవాడు అప్పుడు ఏది కావాలో తేల్చుకుంటాడు. విభూతిభూషణ్ బెంగాలీ నవల ‘ఆరణ్యక్’ తెలుగులో ‘వనవాసి’, అనువాదం సూరంపూడి సీతారాం. మూలం పేరుతో అడిగినవాడికి కొట్టువాడు తల అడ్డంగా ఊపుతాడు. ‘వనవాసి’ అతని వెనక అరలోనే ఉండొచ్చు. రెండు పేర్లూ చెప్పడానికి మీకు పట్టేది అర నిమిషం. అనువాదకుడి పేరు మీరు బొత్తిగా చెప్పకపోవడం గురించి విడిగా ఇంకో ఉత్తరం రాయాలి, ఇందులో పట్టదు.

కంప్యూటర్లో వెతుక్కోమంటారా? అమ్మకపు సైట్లలో తెలుగు పేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. విశ్వనాథ నవల ‘వేయిపడగలు’ అన్న ఒక్క పేరుకే ఒక ‘వై’ వేసేవారు, రెండు వేసేవారు, మధ్యలో ఖాళీ ఇచ్చేవారు, ఇవ్వనివారు. ఒకలా కొడితే ఉన్న పుస్తకం ఇంకోలా కొడితే లేదు. వెనక అట్ట మీద బార్‌కోడు దగ్గర ఐఎస్‌బీఎన్ అనే పుస్తకాల గుర్తింపు సంఖ్య ఉంటే ఆ 13 అంకెలు ఇవ్వండి (2007కి ముందువైతే 10). మన దేశంలో వేసినవి ఎక్కువగా 978-81 అనో 978-93 అనో మొదలవుతాయి. ఆ అంకెలకు స్పెల్లింగు బాధ లేదు. చాలా తెలుగు పుస్తకాలకు అసలు ఆ నంబరే ఉండదు. అప్పుడు మళ్ళీ గతి ఆ వెనక పేజీయే.

గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు మద్రాసులో 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు చెప్పారు. వాటిలో రెండు: ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు. మీరు ఆరోది కలిపారు: ప్రతి పుస్తకమూ ప్రతివాడికీ. అందుకే వేసవి సెలవుల్లో ఉన్న ఎనిమిదో తరగతి పిల్లకీ, కంటి శస్త్రచికిత్సై కోలుకుంటున్న పెద్దాయనకీ ఒకే వెయ్యి పేజీల నవల చెబుతారు. చెప్పేముందు ఒక్క ప్రశ్న అడిగితే చాలు: ‘మీరు ఆఖరున పూర్తిచేసిన పుస్తకం ఏది?’ ఇష్టమైన పుస్తకం ఏదని అడగొద్దు, దానికి జనం అబద్ధం చెబుతారు. పూర్తిచేసినది ఏదంటే ఆలోచించి నిజం చెబుతారు.

అలాగే లోపలి సంగతి ఒక్కటి చెప్పండి. చిత్తూరు యాసో, ఉత్తరాంధ్ర యాసో, తెలంగాణ పలుకో నిండిన కథలైతే ‘మొదటి 20 పేజీలు నెమ్మదిగా, పైకి చదవండి, చెవికి పడితే ఆ తర్వాత అదే లాక్కెళుతుంది’ అనండి. అది తెలియక నాలుగో పేజీలో మూసేసినవాళ్ళు ఎందరో. నడుమ ఎక్కడ సాగతీత ఉందో, అచ్చు ఎంత చిన్నదో, బౌండు పేజీలు ఊడేలా ఉందో, ఇవి కూడా సమీక్షే. ‘120వ పేజీ దగ్గర ఆపేశాను, ఎందుకంటే...’ అని మీ నోట వినాలని మా చిరకాల కోరిక. పది ‘అద్భుతం’ల కన్నా ఆ ఒక్క ‘ఎందుకంటే’తో మేం ఎక్కువ పుస్తకాలు ఎంచుకోగలం.

మీరు ఎంతవరకు చదివారో మాకు తెలియదనుకోకండి. మన పుస్తకాలకు ముందుమాటలు మూడు: ఒకటి పెద్దాయనది, ఒకటి స్నేహితుడిది, ఒకటి రచయిత ‘నా మాట’. మీ మెచ్చుకోలులో ‘మట్టివాసన’, ‘గుండెతడి’, ‘అక్షరసేద్యం’ వరసగా వచ్చాయంటే మీరు ఇంకా పెద్దాయన దగ్గరే ఉన్నారు. పుస్తకం మొదలు కాలేదు.

ఏడాదికి 50 పుస్తకాల పందెం సంగతీ చూశాం. ఒక్కో పుస్తకానికి వారం. ‘వేయిపడగలు’ రోజుకి 20 పేజీల చొప్పున చదివితే దగ్గర దగ్గర 50 రోజులు, అంటే ఏడు పుస్తకాల కాలం ఒక్కదానికే పోయింది. అందుకే డిసెంబరు మూడో వారంలో అకస్మాత్తుగా కవిత్వం మీద ప్రేమ పుడుతుంది. 64 పేజీలు, సగం ఖాళీ, సాయంత్రానికి మరో అంకె. కవులకు దీనివల్ల మేలే జరుగుతోంది కాబట్టి ఈ విషయంలో మేం గట్టిగా మాట్లాడం.

కొనలేనివాళ్ళకు ఏం చెబుతారో కూడా చూడండి. రెండు రాష్ట్రాల్లోనూ ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. పన్ను కట్టే ప్రతి ఇల్లూ శాఖా గ్రంథాలయానికి చందా కట్టినట్టే. ‘మా ఊరి గ్రంథాలయంలో ఉంది, ఫలానా బీరువా’ అన్న సిఫార్సు మీ నోట ఇంతవరకు రాలేదు. అక్కడ కిటికీ వెలుతురు బాగుండదు కాబోలు.

ఇట్లు,
మీ విధేయులైన పాఠకులు

తా.క.: మొన్నటి ఫోటోలో గ్లాసు ఈసారి పక్కన కాక అట్ట మీదే పెట్టారు. లామినేషన్ ఉన్న అట్టయితే ఆరిన మెత్తని గుడ్డతో వెంటనే తుడిస్తే మరక పోతుంది. ఉత్త కాగితపు అట్టయితే రుద్దకండి, రంగు లేస్తుంది. పైన అద్దుడు కాగితం వేసి ఒత్తి వదిలేయండి. ఎలాగూ పుస్తకం మీ చేతిలోనే ఉంది కదా, ఆరేలోపు ఆ వెనక పేజీ తిప్పండి.