పడిపోయింది ఎవరు?

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మా వీధి చివర ఉండే మామ్మ, మనవడి చెయ్యి పట్టుకుని, కాళ్లకు చెప్పులైనా లేకుండా మా ఇంటికి పరుగున వచ్చింది. ఆమె కొడుకు సూరత్‌లో మరమగ్గాల పనిలో ఉన్నాడు. మనవడు ఒడియా బడిలో ఐదో తరగతి చదువుతున్నాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా తెలుగు అక్షరాలు రావు. ఫోనుకు వచ్చిన సందేశాన్ని చదవలేక, ఫోను చేతే పైకి చదివించుకుని, మూడుసార్లు విన్నారట. "మా బుల్లోడు పడిపోనాడా బాబూ? ఎక్కడి నుంచి పడిపోనాడు?" అని అడుగుతున్నప్పుడు ఆమె గొంతు వణుకుతోంది.

ఆ సందేశంలో ఉన్నది ఇది: "మీరు మీ చెల్లింపుల మీద వెనుకకు పడిపోయారు. సమస్యలోకి పరుగెత్తే ముందు మమ్మల్ని చేరుకోండి." ఇంటి పైకప్పు మరమ్మతు కోసం తీసుకున్న అప్పులో రెండు వాయిదాలు కట్టవలసి ఉంది, అంతకు మించి ఏమీ లేదు. ఇంగ్లిషులో 'ఫాల్ బిహైండ్' అని ఉన్నదాన్ని వెనుకకు పడిపోవడంగా, 'రన్ ఇంటూ ట్రబుల్' అన్నదాన్ని సమస్యలోకి పరుగెత్తడంగా, 'రీచ్ అవుట్' అన్నదాన్ని చేరుకోవడంగా మార్చి పంపించారు. పైపెచ్చు, ఫోను చేస్తే సరిపోయే పనికి ఆ ముసలి ప్రాణం బస్సెక్కి వాళ్ల ఆఫీసుకు చేరుకోవాలేమోనని కూడా కంగారు పడింది. "రెండు వాయిదాలు బకాయి పడ్డాయి, ఇబ్బంది రాకముందే మాకు ఫోను చేయండి" అని రాసి ఉంటే ఆమె నెమ్మదిగా సాయంత్రం వచ్చి, డబ్బు సంగతి మాట్లాడి వెళ్లేది. కొడుకుకు ఫోను కలిపి, అతని గొంతు వినిపించాకే ఆమె మా అరుగు మీద కూర్చుంది.

నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటూ అనువాదాలు చేసుకుని బతుకుతున్నాను. ఈ సంగతిని నా వృత్తికి సంబంధించిన చిన్న పొరపాటుగా తీసిపారేయలేకపోతున్నాను. కష్టం గురించి చెప్పే మాటను తప్పుగా అనువదించడం, పండుగ శుభాకాంక్షను తప్పుగా అనువదించడం లాంటిది కాదు. కష్టంలో ఉన్న మనిషికి వాక్యాన్ని విప్పుకుని, ఇంగ్లిషులో ఏమని ఉండి ఉంటుందో ఊహించుకునే తీరిక ఉండదు. విన్న మాటను విన్నట్టే నమ్మి భయపడతాడు.

ఇంగ్లిషులో ఒక చిన్న క్రియ పక్కన అప్, డౌన్, అవుట్ లాంటి ముక్క చేరగానే అర్థం పూర్తిగా మారిపోతుంది. 'బ్రేక్' అంటే విరగడమే కావచ్చు. కానీ 'బ్రేక్ డౌన్' అంటే బండి మొరాయిస్తుంది, చర్చలు బెడిసికొడతాయి, బిడ్డను పోగొట్టుకున్న తల్లి కుప్పకూలుతుంది. 'బ్రేక్ అవుట్' అంటే మంటలు చెలరేగుతాయి, అంటురోగం ప్రబలుతుంది, ఖైదీలు తప్పించుకుపోతారు. ఈ ముక్కలను కిందికి, బయటికి, పైకి అని అనువదించేవాళ్లు గమనించనిది ఏమిటంటే, తెలుగు కూడా ఇదే పనిని తన సొంత పద్ధతిలో ఎప్పటి నుంచో చేస్తోంది. మన భాషలో ఆ బరువును మోసేది చివర వచ్చే చిన్న క్రియ: పడు, పోవు, కొట్టు, వేయు, కొను. ఇరుక్కుపోవడం, చితికిపోవడం, దిగబడటం, చేతులెత్తేయడం అన్నవి మన నోట రోజూ వచ్చే మాటలే.

వీటన్నిటిలో కష్టానికి దగ్గరి చుట్టం 'పడు'. మనం ఇబ్బంది పడతాం, బాధపడతాం, భయపడతాం, చిక్కుల్లో పడతాం, చదువులో వెనుకబడతాం, వాయిదాలు బకాయి పడతాం. ఇంగ్లిషువాడు ఇంట్లోకి దొంగలు 'బ్రేక్ ఇన్' చేశారంటే, మనం దొంగలు పడ్డారంటాం. ఆఖరికి కష్టం నుంచి గట్టెక్కినప్పుడు కూడా మనం బయట'పడతాం'. ఒడియాలోనూ ఆపదలో చిక్కుకోవడాన్ని 'బిపదరే పడిబా' అంటారు కాబట్టి, మా ఊళ్లో ఏ భాష మాట్లాడే మనిషికైనా ఈ పడటంలో ఒళ్లు నేలకు తగలదని చెప్పనక్కరలేదు. మామ్మకు వచ్చిన సందేశంలో ఉండవలసిన క్రియ నిజానికి ఉంది. దాని ముందు 'బకాయి' అన్న ఒక్క మాట లేకపోవడం వల్ల, వాయిదాల బదులు మనిషి పడిపోయాడు.

జాతీయాల దగ్గరకు వస్తే ప్రమాదం ఇంకొంచెం లోతుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ ప్రతి మాటా తెలిసినదే అయి ఉండి, బొమ్మ మాత్రం వేరే దేశానిదై ఉంటుంది. కష్టాల్లో ఇరుక్కున్న ఇంగ్లిషువాడు వేడి నీళ్లలో ఉన్నానంటాడు. మనకు వేణ్నీళ్లు అంటే ఒళ్లు తేలికపడే స్నానం, బాలింతకు చేసే ఉపచారం. ఇంట్లో సంపాదనకు మరో చిన్న రాబడి తోడైతే వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడయ్యాయని అంటాం. అలాంటి నీళ్లలో మునిగినవాణ్ణి చూసి తెలుగువాడు ఎందుకు జాలిపడతాడు? ఊరగాయలో ఉన్నానని ఇంగ్లిషువాడు అన్నా కష్టమనే అర్థం. మనం పచ్చడైపోయాడంటే దెబ్బలు తిని నుజ్జయ్యాడని అర్థం. తూటాను కొరకడమనే మాటకు మాత్రం మన దగ్గర దాదాపు అదే బొమ్మ ఉంది. వాళ్లు పళ్ల మధ్య తూటాను పెట్టుకుంటే, మనం ఏమీ పెట్టుకోకుండా పళ్లబిగువున ఓర్చుకుంటాం. పెనం మీద నుంచి పొయ్యిలో పడటం రెండు భాషల్లోనూ ఉంది. అగ్నికి ఆజ్యం పోయడం కూడా అంతే. ఇలా చేతికి అంది ఉన్న మాటలను వదిలేసి, 'మంచుకొండ కొన' అని రాయడం దేనికో నాకు అర్థం కాదు. సముద్రంలో తేలే మంచుకొండ పదింట తొమ్మిది వంతులు నీటి లోపలే ఉంటుందన్నది నిజమే కానీ, మా జిల్లాలో దాన్ని చూసినవారు లేరు. "పైకి కనిపిస్తున్నది గోరంత, లోపల ఉన్నది కొండంత" అంటే చదువు లేని మనిషికి కూడా భయం ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టిన సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక సంస్థ తన ఖాతాదారులకు పంపే సందేశాన్ని తెలుగు చేయమని నాకు ఇచ్చింది. ధరలు పెరుగుతున్నాయి, రాబోయే నెలల్లో ఖర్చులకు జాగ్రత్తపడండి అన్నది అందులోని విషయం. దాన్ని ఇంగ్లిషులో ముందున్న తుఫాను వాతావరణానికి సిద్ధం కండి అన్న జాతీయంతో చెప్పారు. నేను "రాబోయే కొన్ని నెలలు గడవడం కష్టం కావచ్చు" అని రాశాను. సరిచూసే వ్యక్తి, ఎక్కడో దూరాన కూర్చుని, మూలానికి దూరంగా ఉందని దాన్ని కొట్టివేసి తుఫానును తిరిగి తెచ్చిపెట్టారు. సందేశం వెళ్లవలసిన నెల అక్టోబరు, వెళ్లవలసిన చోటు గంజాం, గజపతి, శ్రీకాకుళం జిల్లాలు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నం మీద విరుచుకుపడింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మా మీదికి వచ్చింది. ఆ వానలకు మా గజపతి జిల్లాలోని బరఘర ఊరి దగ్గర కొండచరియ విరిగిపడి జనం చనిపోయారు. అక్టోబరులో ఈ నేల మీద తుఫాను అన్న మాట అలంకారం కాదు. ఆ మాట చెవిన పడితే ఇక్కడ మనుషులు పశువుల పలుపులు విప్పుతారు, బియ్యం అటక మీదికి ఎక్కిస్తారు, పిల్లలను తీసుకుని గట్టి కట్టడాలున్న చోటికి వెళ్తారు. ఒకసారి ఉత్తుత్తి తుఫానుకు పరుగెత్తినవాడు అసలు తుఫానుకు కదలకపోతే ఆ నేరం ఎవరిది? నేను ఈ మాటలన్నీ ఉత్తరంగా రాసి పంపించాను. తుఫానును తీసేదాకా నా పేరుతో ఆ పని వెళ్లకూడదని చెప్పాను. తీసేశారు, ఆ తరువాత నాకు పని ఇవ్వడం మానేశారు.

మక్కికి మక్కి అనువాదం వల్ల భాషకు కొత్త మాటలు వస్తాయని కొందరు మిత్రులు వాదిస్తారు. వస్తాయి, కాదనను. మొసలి కన్నీరు అలాగే వచ్చి స్థిరపడింది, నల్లధనం కూడా. మొసలి మనకు తెలుసు, దొంగ ఏడుపు మనకు తెలుసు, కాబట్టి రెండూ అతికాయి. అయితే రెండో ప్రపంచ యుద్ధం తరువాత అమెరికా, రష్యాల మధ్య సాగిన వైరానికి ఇంగ్లిషులో ఉన్న 'కోల్డ్ వార్' అన్న పేరును హిందీవాళ్లు 'శీత్ యుద్ధ్' అని ఉన్నదున్నట్టు తీసుకుంటే, తెలుగువారు ప్రచ్ఛన్న యుద్ధం అన్నారు. చలిని వదిలిపెట్టి, పైకి కనపడకుండా సాగడమన్న అసలు సంగతిని పట్టుకున్న ఆ అనువాదకుడెవరో నాకు తెలియదు కానీ, ఆయనకు నేను మనసులో ఎన్నోసార్లు దండం పెట్టుకున్నాను.

దీనికి విరుగుడు ప్రతి ఇంగ్లిషు జాతీయానికీ ఒక తెలుగు సామెతను వెతికి తగిలించడం కూడా కాదు. మొదట్లో నేను ఆ పనే చేసేవాణ్ణి. గోరుచుట్టు మీద రోకటి పోటు, అడకత్తెరలో పోకచెక్క, మూలిగే నక్క మీద తాటిపండు అని రాసుకుంటూ పోతే చదవడానికి సొంపుగానే ఉంటుంది. కానీ అప్పుల్లో ఉన్న ఒక పెద్దమనిషికి నేరుగా రాసే ఉత్తరంలో ఆయనను మూలిగే నక్కతోనో, కుడితిలో పడ్డ ఎలుకతోనో పోల్చడం అవమానం. ఇవి మన కష్టం గురించి మనం చెప్పుకోవడానికి పనికొస్తాయి, ఎదుటివారి కష్టం గురించి పరోక్షంలో అనుకోవడానికి పనికొస్తాయి. వారి ముఖం మీద అనడానికి పనికిరావు. అలాంటి చోట సామెతను పక్కన పెట్టి, "మీరు ఇబ్బందిలో ఉన్నారని మాకు తెలుసు" అని నేరుగా చెప్పడమే మర్యాద.

జనం నోట ఉన్న మాటకు చెవి ఒగ్గాలన్నది మా ఊరికి కొత్త పాఠం కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఇక్కడే బడిలో పాఠాలు చెబుతూ సవరలనే గిరిజనుల భాషను వాళ్ల నోటి నుంచే నేర్చుకున్నారు. 1931లో అచ్చయిన ఆయన సవర వ్యాకరణానికి పునాది ఆ వినికిడే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మా పట్నం అందులో చేరింది. ఆయన ఊరు విడిచి వెళ్లిపోయినా, వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గుర్తుగా ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజున పూలదండలు వేసే సంస్థలు, మిగిలిన రోజుల్లో మామ్మ లాంటి మనిషికి అర్థమయ్యే ఒక్క వాక్యం రాయించడానికి డబ్బు ఖర్చుపెట్టవా?

తెలుగు పని ఇచ్చేవాళ్లను నేను కోరేది ఒక్కటే: ఇంగ్లిషు వాక్యంతో పాటు, దాన్ని ఎవరు, ఏ పరిస్థితిలో చదువుతారో ఒక వరుస రాసి పంపండి. సరిచూసేవారికి కూడా ఆ వరుసనే ఇవ్వండి.

ఇది చదువుతున్న గుణుపురం, రాయగడ, బరంపురం వైపు వారిని ఒక సాయం అడుగుతున్నాను. తప్పు చేసి ఏ శిక్షా పడకుండా బయటపడటాన్ని ఇంగ్లిషులో 'గెట్ అవే విత్' అంటారు. అధికారమో, డబ్బో ఉన్నవాడి విషయంలో "వాడికి చెల్లింది" అని మనం అనే మాట దానికి చక్కగా సరిపోతుంది. పేదవాడొకడు ఏదో చిన్న తప్పు చేసి, కేవలం అదృష్టం వల్ల, ఎవరి కంటా పడకుండా బయటపడితే ఆ మాట అతకదు. తప్పించుకున్నాడు అంటే పారిపోయాడన్న అర్థం వస్తుంది. ఇలాంటివాడి గురించి మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఏమంటారో అడిగి, వాళ్లు అన్నది అన్నట్టుగా రాయండి.